పాత బొమ్మకు కొత్త రంగు: యాక్షన్ ఫిగర్ల హాబీ గురించి తల్లిదండ్రులతో నాలుగు మాటలు



దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. సెలవుల్లో ఏం చేస్తారని అడిగితే ఈ మధ్య నా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల నుంచి తరచుగా వస్తున్న జవాబు ఒకటుంది: "ఫిగర్స్ కస్టమైజ్ చేస్తాం మేడమ్." అంటే పాత యాక్షన్ ఫిగర్ తీసుకుని దాని రంగు తుడిచేసి, కొత్తగా వేసి, ఒకదాని చెయ్యి ఇంకోదానికి పెట్టి, దుకాణంలో దొరకని పాత్రను సొంతంగా తయారుచేయడం. పేరెంట్స్ మీటింగ్‌లో మీ నుంచి వినే మాట మాత్రం వేరు. "తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా ఇంకా బొమ్మలేమిటండీ?" కొందరు కాస్త గొంతు తగ్గించి ఇంకోటి కూడా అడుగుతారు: "బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏదో స్ప్రే కొడుతున్నాడు, ఫరవాలేదా?" మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. రెండోదానికి చిన్నది: ఫరవాలేదు అనుకోకండి, ఆ తలుపు ఈ రోజే తీయించండి. ఎందుకో ముందుకు వెళ్లాక చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను అమ్మకానికి తెచ్చింది. సుమారు అడుగు ఎత్తు, వంగే కాళ్లూ చేతులూ, మార్చుకోవడానికి గుడ్డ యూనిఫారాలు. నిజానికి అది డాలే. కానీ డాల్ అంటే మగపిల్లలు ముట్టుకోరని భయపడి 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పెట్టారు. కాబట్టి "మగపిల్లాడు బొమ్మలతో ఆడటమేమిటి" అన్న ప్రశ్న మీ ఇంట్లోనే పుట్టింది కాదు. దాన్ని తప్పించుకోవడానికి ఒక పెద్ద కంపెనీ మాటనే మార్చేసింది!

1978లో కెన్నర్ అనే కంపెనీ స్టార్ వార్స్ పాత్రలను 3.75 అంగుళాల సైజులో తెచ్చింది. 1982లో జి.ఐ. జో కూడా అదే చిన్న సైజులో తిరిగి వచ్చింది. ఈ చిన్న జోకు వీపు మీద ఒక స్క్రూ ఉండేది. అది విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా విడిపోయి తల, చేతులు, నడుము ఊడి వచ్చేవి. లోపల అన్నింటినీ పట్టి ఉంచేది ఒక చిన్న రబ్బరు రింగు. ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, ఒకడి తలను ఇంకొకడికి పెట్టేయవచ్చు. అలా మార్చాక రెండు ముక్కల రంగులు కలవవు కదా, అక్కడ బ్రష్ అవసరమవుతుంది. ఈ హాబీకి అదొక సహజమైన దారి.

మన దేశంలో ఈ జి.ఐ. జో బొమ్మలను ఫన్‌స్కూల్ తయారుచేసి అమ్మింది. మీలో నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వాటిలో కొన్ని అమెరికాలో ఎప్పుడూ రాని వింత రంగుల్లో వచ్చాయి. అందుకే విదేశాల్లో కలెక్టర్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటారు. మీ అటక మీద పాత పెట్టె ఏదైనా ఉంటే దయచేసి పిల్లల చేతికి రంగులిచ్చే ముందు ఒకసారి చూసుకోండి. లోపలి రబ్బరు రింగు ఈపాటికి ఎండి తెగిపోయి ఉంటుంది, కానీ దాన్ని మార్చుకోవచ్చు.

అమ్మాయిలకూ ఇందులో ఆసక్తి తక్కువేమీ కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఉండే సోనియా సింగ్ అనే ఆమె సెకండ్‌హ్యాండ్ బొమ్మలు కొని, వాటి ముఖాల మీది మందపాటి మేకప్ తుడిచేసి, మామూలు చిన్నపిల్లల ముఖాలు గీయడం మొదలుపెట్టారు. వాటికి బట్టలు వాళ్ల అమ్మగారు అల్లారు. 2015లో ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. బొమ్మ అదే, ప్లాస్టిక్ అదే. కనురెప్పల రంగు పోగానే ఆ బొమ్మ వయసే మారిపోయింది. ఒక ముఖంలో ఏ గీత ఏం చెబుతుందో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా పరాయి దేశాల సరదా అనుకోనక్కరలేదు. విజయవాడ పక్కనే కొండపల్లిలో బొమ్మ ఎలా తయారవుతుందో చూడండి. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆరాక నునుపు చేసి, సున్నం పూత పూసి, దాని మీద రంగులు వేస్తారు. మీ అబ్బాయి టేబుల్ మీద జరిగేది కూడా దాదాపు ఇదే వరస. మక్కు బదులు ఎపాక్సీ పుట్టీ, సున్నం బదులు ప్రైమర్. కొలువు పెట్టే ఇళ్లలో పండగ ముందు బొమ్మల పెట్టె దించి, పెచ్చులూడిన చోట రంగు అద్దే పెద్దవాళ్లకు ఈ పని గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్తుంటే ఆ పనిలో పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను. మీకు తెలిస్తేనే మీ పిల్లలతో మాట్లాడగలరు.

బొమ్మను ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టాలి. చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు. తర్వాత విడదీయడం. ఈ బొమ్మల్లో చాలావరకు రెండు రకాల ప్లాస్టిక్‌లు ఉంటాయి. మెత్తగా ఉండేది పీవీసీ, గట్టిగా ఉండేది ఏబీఎస్. వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచితే పీవీసీ మెత్తబడి తల, చేతులు విరగకుండా ఊడి వస్తాయి. నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, గిన్నెలో పోసి ఇచ్చే పని మీది. లాగడం వాళ్లది.

పాత రంగు తీయడానికి పిల్లలు మొదట వెతికేది అమ్మ నెయిల్ పాలిష్ రిమూవర్. అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే పీవీసీ కూడా చెడిపోతుంది. కీలు కరిగితే ఇక ఆ బొమ్మ నిలబడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి ఓపిగ్గా తుడవడం నయం. కాకపోతే రెండూ మంట అంటుకునేవే. వంటగదిలో, పూజగదిలో ఈ పని వద్దు. రంగు తుడవకుండా పైనే వేసే పద్ధతి కూడా ఉంది. మొదటి బొమ్మకు నేను అదే సూచిస్తాను.

అనుభవం లేని పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది కీళ్ల దగ్గర. రంగుకూ మందం ఉంటుంది. మోకాలి కీలు మధ్య ఖాళీ వెంట్రుకంత. అందులో మూడు పూతలు వేస్తే బొమ్మ కాలు వంచిన మొదటిసారే రంగు రాలిపోతుంది. అందుకే రంగు వేయకముందే, రాపిడి పడే చోట సన్నటి శాండ్‌పేపర్‌తో కాస్త అరగదీయాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 600తో ముగిస్తే సరిపోతుంది. తడిపి రుద్దితే పొడి గాలిలోకి లేవదు.

రంగులకు నీళ్లతో కలిసే అక్రిలిక్ చాలు. స్టేషనరీ షాపులో దొరికే ఫెవిక్రిల్ లాంటివి మొదటి బొమ్మకు బాగానే ఉంటాయి. మెత్తటి పీవీసీ మీద ఎనామెల్ పెయింట్, కొన్ని స్ప్రేలు ఎన్ని రోజులైనా జిగురుగానే ఉండిపోతాయి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం రంగును పూర్తిగా గట్టిపడనివ్వదు. అక్రిలిక్‌ను పాలంత పలచగా చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయాలి. మొదటి పూత ఎప్పుడూ అసహ్యంగానే ఉంటుంది, మరకలు మరకలుగా. పిల్లలు చాలామంది వదిలేసేది ఇక్కడే. సరిగ్గా ఆ సమయంలో మనం వెనక నుంచి వచ్చి "ఇదేనా నువ్వు చేసింది?" అంటాం. ఆ ఒక్క మాట ఆపుకోగలిగితే మీరు సగం సాయం చేసినట్టే. మూడో పూతకు బొమ్మ దానంతటదే కుదురుకుంటుంది.

కళ్లు చివరికి ఉంచుకోవాలి. సన్నటి బ్రష్, ఊపిరి బిగబట్టడం, మోచెయ్యి టేబుల్‌కు ఆనించడం. మామూలుగా పిల్లలు ముందు తెల్లరంగు వేసి దాని చుట్టూ నల్లగీత గీస్తారు. తిరగేసి చేస్తే తేలిక. ముందు కంటి ఆకారమంతా ముదురు రంగు, దాని లోపల కొంచెం చిన్నగా తెలుపు, ఆపైన టూత్‌పిక్ మొనతో కనుపాప. పక్కకు పోయిన చోట చర్మం రంగుతో సరిచేస్తే సరి. అచ్చ తెలుపు వాడితే బొమ్మ బెదిరిపోయినట్టు కనిపిస్తుంది, కాస్త గోధుమరంగు కలపాలి. అన్నట్టు, చర్మం రంగు అని అమ్మే లేత గులాబీ రంగు మన ఇళ్లలో ఎవరికీ ఉండదు. తన చెయ్యి చూసుకుంటూ గోధుమ, పసుపు, ఎరుపు, తెలుపు కలిపి ఆ రంగు పట్టుకోమనండి. ఒక సాయంత్రం మొత్తం అందులోనే గడిచిపోతుంది.

లెక్కలు కూడా ఇందులో ఉన్నాయి. 6 అంగుళాల బొమ్మలను 1:12 స్కేలు అంటారు. ఆరడుగుల మనిషి 72 అంగుళాలు, 12తో భాగిస్తే 6. ఆ బొమ్మకు 3 అడుగుల కత్తి కావాలంటే ఎంత పొడవు పుల్ల కోయాలి? ఈ ప్రశ్న నోట్‌బుక్‌లో ఇస్తే విసుక్కునే పిల్లవాడు బొమ్మ కోసం మాత్రం అడగకుండానే చేస్తాడు. అలాగని ఈ హాబీ వల్ల మార్కులు పెరుగుతాయని చెప్పి మీకు అమ్మడం నా ఉద్దేశం కాదు. ప్రతి పనినీ మార్కుల త్రాసులో తూస్తున్నాం, దీన్నైనా వదిలేద్దాం.

ఇప్పుడు ఆ బాత్‌రూమ్ తలుపు. స్ప్రే డబ్బాలోంచి వచ్చేది రంగు మాత్రమే కాదు, దాన్ని కరిగించిన ద్రావకాల ఆవిరి కూడా. మూసిన గదిలో అది తల తిప్పుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, గీజర్ నిప్పురవ్వకు అంటుకోగలదు. స్ప్రే వాడితే డాబా మీదే, మాస్కుతో, పెద్దవాళ్లు పక్కన ఉండగానే. హైస్కూలు పిల్లలకు నిజానికి స్ప్రే అవసరమే లేదు, బ్రష్ చాలు. ఎం-సీల్ లాంటి పుట్టీ పిసికేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి, గట్టిపడక ముందు అది చర్మానికి పడదు. బ్లేడుతో కోయడం మీ చేతుల్లోనే ఉంచుకోండి.

ఇంట్లో మిగిలిపోయిన పాత పెయింట్ డబ్బా మాత్రం ఇవ్వకండి. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొన్న డబ్బాలో ఎంత ఉందో ఎవరికి తెలుసు? అలాగే 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయితే ఆ గుర్తు కంపెనీ వేసిన రంగుకే వర్తిస్తుంది, మీ అమ్మాయి వేసిన రంగుకు కాదు. అందుకని రంగు మార్చిన బొమ్మ షెల్ఫ్ మీదే ఉండాలి. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు తమ్ముడో చెల్లో ఉంటే అందనంత ఎత్తులో ఉంచాలి. విడదీసిన చిన్న ముక్కల విషయంలో ఇంకా జాగ్రత్త.

ఖర్చు గురించి ఒక్క మాట. కొత్త బొమ్మ కొనివ్వకండి. చెయ్యి విరిగినది, రంగు పోయినది, పక్కింటివాళ్లు పారేయబోతున్నది, అదే సరైన బొమ్మ. ఖరీదైన దాని మీద బ్రష్ పెట్టడానికి పిల్లలకే చెయ్యి రాదు. రెండు బ్రష్‌లు, ఆరు రంగులు, ఒక శాండ్‌పేపర్ ముక్క. సెలవులకు అంతకంటే అక్కర్లేదు.

పండగ దులుపుళ్ల గురించి కూడా చెప్పాలి. పోయిన ఏడాది సెలవుల తర్వాత మా తరగతిలో ఒక పిల్లవాడు వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. విషయం ఏమిటంటే, తల లేని మూడు బొమ్మలు, ఒక కవర్లో విడి చేతులు చెత్త అనుకుని ఇంట్లో పారేశారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ల తప్పు కూడా కాదు, చూడటానికి అవి చెత్తలాగే ఉంటాయి. వాటిలో వాడి రెండు నెలల ఆదివారాలున్నాయి. అందుకని ఒక పాత స్వీట్ డబ్బా ఇచ్చి, మూత మీద పేరు రాయించండి. ఆ డబ్బాలో ఉన్నది అడగకుండా ఎవరూ పారేయరని ఇంట్లో అందరికీ చెప్పండి.

చివరి పూత వార్నిష్. మెరవనిది, నీళ్లతో కలిసేది తీసుకుని బ్రష్‌తో వేయించండి. ముసురు పట్టిన రోజు వద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా స్ప్రే వార్నిష్ తెల్లగా మంచు పట్టినట్టు మసకబారిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. ఎండ కాసిన మధ్యాహ్నం వేసి, దుమ్ము పడకుండా పైన ఒక గిన్నె బోర్లించి, రాత్రంతా కదలకుండా వదిలేయండి. పొద్దున్నే లేచి వేలితో నొక్కి చూడబోతారు. ఇంకో పూట ఆగమనండి.