వార్తకు దారి కాచేవారు

గవర్నరుపేట బీసెంటు రోడ్డున నడిచేవారు దుకాణాల వంక చూస్తారే గాని, తల యెత్తి స్తంభాల వంక చూడరు. ఒక గృహిణి చీర కొని, చేతిలోని ఫోనుతో వెల చెల్లిస్తుంది. కొద్ది క్షణాలలో దుకాణదారుని బల్లమీది చిన్న పెట్టె, సొమ్ము ముట్టినదని పలుకుతుంది. ఆ కొద్ది క్షణాలలో ఆమె సందేశం గాలి వెంట సమీపపు టవరుకు చేరి, అక్కడ కాంతిగా మారి, గాజు పోగు గుండా వేరొక నగరంలోని బ్యాంకు యంత్రానికి పోయి, మరల వెనుకకు వచ్చినది. ఈ దారిని నిర్మించి కాపాడేవారే టెలికాం నెట్‌వర్కు ఇంజనీర్లు. ఈ వృత్తిలో అడుగిడగోరే యువతీ యువకులు మొట్టమొదట తెలుసుకోవలసినది ఏమిటన్నదే ఈ ప్రసంగ విషయం.

కృష్ణా డెల్టా బిడ్డలకు నెట్‌వర్కు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 1957లో పూర్తి అయిన ప్రకాశం బ్యారేజి వద్ద నిలిచిన కృష్ణ నీరు ప్రధాన కాలువలలోనికి, వాటినుండి శాఖలలోనికి, తూముల గుండా పంట బోదెలలోనికి, తుదకు మడిలోనికి చేరుతుంది. టెలికాం వ్యవస్థ కూడ ఇట్టిదే. ఇంటికి, చేతిలోని ఫోనుకు చేరే చివరి భాగం పంట బోదె. ఊరికీ ఊరికీ నడుమ నడిచే ఫైబరు కేబులు కాలువ. మహానగరాలలోని పెద్ద యంత్రాలు బ్యారేజి.

అయితే భేదం లేకపోలేదు. నీరు పల్లమునకే పారుతుంది. మాట ఇరువైపులా నడుస్తుంది. కాలువకు గండి పడితే దిగువ పొలం ఎండవలసినదే. నెట్‌వర్కును మాత్రం వలయాకారంగా నిర్మిస్తారు. ఒక వైపు తెగితే మాట రెండవ వైపునుండి చుట్టి వస్తుంది. ఆ రెండవ దారిని ముందుగా ఊహించుటలోనే ఇంజనీరు ప్రజ్ఞ ఉన్నది. రెండు కేబుళ్లను ఒకే వంతెన మీదుగా నడిపిస్తే, పటములో అవి రెండు దారులు. వరదకు మాత్రం ఒక్కటే.

ఈ వృత్తికి ద్వారాలు అనేకం. పదవ తరగతి పిదప పాలిటెక్నికులో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదివినవారు రైల్వే నియామక మండలి పరీక్షల ద్వారా సిగ్నల్, టెలికాం శాఖలో జూనియర్ ఇంజనీర్లు కావచ్చును. ఆ శాఖవారికి శిక్షణ నిచ్చే సంస్థ 1957 నుండి మన సికిందరాబాదులోనే ఉన్నది. బి.టెక్. పట్టభద్రులకు భారత సంచార్ నిగమ్‌లో జూనియర్ టెలికాం ఆఫీసరు ఉద్యోగాలు, కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను జరిపే ఇంజనీరింగు సర్వీసుల పరీక్ష ఉన్నవి. కాని ప్రభుత్వ ప్రకటనలు ఏటేటా వెలువడవు. అందుచేత పలువురి తొలి ఉద్యోగం, టెలికాం కంపెనీల పనిని గుత్తకు తీసుకున్న సంస్థలలోనే దొరుకుతున్నది. అది టవరు వద్ద యంత్రాలు అమర్చుట, కేబులు అతుకుట, లేదా రాత్రింబవళ్లు తెరల ముందు కూర్చుండి లోపాలను కనిపెట్టుట.

ఇక్కడనే యువకులు తడబడుతున్నారు. చల్లని గదిలో తెర ముందు కూర్చుండుట గౌరవమనీ, ఎండలో కేబులు వెంట నడచుట తక్కువ పని అనీ అనుకుంటారు. ఈ భావం వృత్తికే చేటు. ఒక ఉదాహరణ చూడండి.

1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హం అనే ఇరువురు శాస్త్రజ్ఞులు, గాజును తగినంత శుద్ధి చేయగలిగితే దాని పోగులో కాంతి ద్వారా దూరవార్తలు పంపవచ్చునని నిరూపించారు. దీనికి గాను కావోకు 2009లో నోబెల్ బహుమానం లభించినది. ఆ పోగు మందం 125 మైక్రానులు. కాంతి నడిచే నడిమి భాగం 9 మైక్రానులకు అటు ఇటు. పోగులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కేబులు ఎక్కడనో తెగినదనుకొందాం. ఓటీడీఆర్ అనే పరికరం ఒక చివరనుండి కాంతి మెరుపును పంపి, ప్రతిఫలనం తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. 400 మైక్రోసెకన్లు పట్టినచో కాంతి 80 కిలోమీటర్లు నడచినదన్నమాట. రాకపోకలు కలిసి గనుక, తెగిన చోటు 40 కిలోమీటర్ల దూరాన ఉన్నది.

ఇంతవరకు లెక్క సులభం. కాని ఆ 40 కిలోమీటర్లు పోగు పొడవేగాని రోడ్డు పొడవు కాదు. ముందుముందు మరమ్మతుకు పనికివస్తుందని, అతుకు అతుకు వద్ద కొంత కేబులును చుట్టలుగా చుట్టి విడిచిపెడతారు. ఏ చోట ఎన్ని మీటర్లు చుట్టినారో వ్రాసి ఉంచనిచో, పరికరం నిజమే చెప్పినా గునపం తప్పుచోట దిగుతుంది. అందువల్ల ఈ వృత్తిలో తొలి పాఠ్యగ్రంథం కేబులు నడచిన దారి పటము. దానిని కాలినడకన చూచినవాడే తెర మీది ఎర్రదీపానికి అర్థం చెప్పగలడు. రౌటర్ల విద్య, వాటి సర్టిఫికెట్లు అవసరమే. అవి దారి తెలిసినవానికి రెండింతలు ఉపకరిస్తవి.

ఈ శ్రద్ధ ఎందుకో మన ప్రాంతం కంటె బాగుగా చెప్పగల ప్రాంతం లేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి పదివేలకు పైగా ప్రాణాలు పోయినవి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, మేడలమీద చిక్కినవారికి ఫోనులో మిగిలిన కొద్ది ఛార్జీయే ఆధారమయినది. విద్యుత్తు ఆగితే టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది. ఆ పిదప డీజిలు జనరేటరు కావలె. జనరేటరును వరద మట్టానికి ఎంత ఎత్తున పెట్టినారన్నది, వరద వచ్చిన నాడు కాదు, టవరు కట్టిన నాడే నిర్ణయమైపోతుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన కేబులును అధికభాగం విద్యుత్ స్తంభాల మీదుగా నడిపినది. అది త్వరగా, తక్కువ ఖర్చుతో పల్లెలకు చేరే మార్గం. కాని తుపాను గాలికి స్తంభం ఒరిగితే కేబులూ ఒరుగుతుంది. ప్రతి ఎంపికకు ఇట్లే ఒక వెల ఉన్నది. ఆ వెలను ముందుగా లెక్కకట్టుటే ఇంజనీరు పని.

ఉద్యోగంలో చేరేవారు తమ మేలూ చూచుకోవలె. తొలి జీతం స్వల్పం. రాత్రి పనులు తప్పవు. నియామక పత్రం, భవిష్యనిధి, ప్రమాద బీమా ఉన్నవో లేవో అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు. ఒంటికంతకు బిగించే రక్షణ పట్టీ లేనిదే టవరు ఎక్కరాదు. ఫైబరు కొనను కంటికెదురుగా పట్టి చూడరాదు. అందులోని కాంతి కంటికి కనబడదు గాని కంటిని చెరుపగలదు. తెగిన గాజు ముక్క వేలిలో దిగితే తీయుట కష్టం.

2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసినది. కట్టు కట కట్టు కట అనే ఆ విద్యను జీవితమంతా అభ్యసించినవారి నేర్పు యంత్రంతోపాటే విశ్రమించినది. నేటి యంత్రాలకును ఒకనాడు అదే గతి పట్టవచ్చును. కాని దారి ఎక్కడ తెగినదో ఓపికతో వెదకుట, చేసిన పనిని పరులకు అర్థమగునట్లు వ్రాసి ఉంచుట, రెండవ దారిని ముందుగా సిద్ధపరచుట, ఈ మూడు నాటి తంతికీ పనికివచ్చినవి, నేటి ఫైబరుకూ పనికివస్తున్నవి. వీటిని అలవరచుకొన్నవారికి రేపు ఏ యంత్రం వచ్చినా పని కరవు ఉండదు.