పంటల నీటి అవసరాన్ని అంచనా వేయడం

నేల నీటిని ఎలా నిలువ చేసుకుంటుందో గత భాగంలో చదివారు. పంట ఆ నీటిని రోజుకు ఎంత వాడుకుంటుందో ఈ భాగంలో లెక్కకడదాం. ఏడాదికి సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే పడే అనంతపురం వంటి ప్రాంతాల్లో, ఎన్ని ఎకరాలు వేయాలో తేల్చేది ఈ లెక్కే.

పొలంలోని నీరు రెండు దారుల్లో గాలిలో కలుస్తుంది. నేల పైపొర నుంచి ఆవిరవడం బాష్పీభవనం. ఆకుల ద్వారా పోవడం బాష్పోత్సేకం. ఈ రెండింటి మొత్తమే పంట వినియోగించే నీరు. దీనిని మూడు మెట్లలో అంచనా వేయవచ్చు.

1. బాష్పీభవన తొట్టిలో రోజుకు తగ్గిన నీటిమట్టాన్ని తొట్టి గుణకంతో హెచ్చించాలి. సాధారణంగా 0.7 తీసుకుంటారు. తొట్టి చుట్టూ ఎండిన బీడు ఉండి వేడిగాలి వీస్తుంటే ఇంకా తక్కువ తీసుకోవాలి.

2. వచ్చిన విలువను పంట గుణకంతో హెచ్చించాలి. వేరుశనగకు ఇది తొలిదశలో 0.4, పూత, ఊడలు దిగే దశల్లో సుమారు 1.15, కోతనాటికి 0.6.

3. వర్షం వల్ల పంటకు అందిన నీటిని తీసివేసి, మిగిలినదాన్ని నీటిపారుదల సామర్థ్యంతో భాగించాలి.

ఉదాహరణ: వర్షం లేని రోజున తొట్టిలో 8 మి.మీ. తగ్గిందనుకోండి. 8 × 0.7 = 5.6 మి.మీ. ఒక ఎకరంపై 1 మి.మీ. నీరంటే సుమారు 4,047 లీటర్లు. 90 శాతం సామర్థ్యమున్న బిందుసేద్యంలో తొలిదశ వేరుశనగకు ఎకరాకు రోజుకు సుమారు 10,000 లీటర్లు చాలు. ఊడలు దిగే దశలో అదే ఎండకు 29,000 లీటర్లు కావాలి.

గంటకు 6,000 లీటర్లిచ్చే బోరు 7 గంటలు నడిస్తే 42,000 లీటర్లు వస్తాయి. విత్తినప్పుడు ఆ నీరు నాలుగెకరాలకు సరిపోతుంది. ఊడలు దిగేనాటికి ఒకటిన్నర ఎకరానికీ చాలదు. మొదట్లో కనిపించే నిండుదనాన్ని నమ్మి నాలుగెకరాలు విత్తిన రైతు, కాయకట్టే సమయంలోనే పైరును ఎండబెట్టుకుంటాడు. అందుచేత విస్తీర్ణాన్ని ఎప్పుడూ అత్యధిక అవసరమున్న దశను బట్టి నిర్ణయించండి. వేసవి ముదిరేకొద్దీ బోరు నీరు తగ్గుతుందన్నదీ మరవకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అదే బోరు నీటిని 60 శాతం సామర్థ్యంతో కాలువల ద్వారా పారిస్తే, ఊడలు దిగే దశలో ఎంత విస్తీర్ణానికి సరిపోతుంది? జవాబు ఎకరానికి దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే.