బళ్లారియా? అనంతపురమా?
తల్లిదండ్రులకు మనవి

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడగానే మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా ఒకే ప్రశ్న వేయుచుందురు: “పిల్లవానిని ఇచ్చటనే చదివింపవలెనా, అనంతపురము పంపవలెనా?” ఈ ప్రశ్నకు అందరికిని చెల్లు సమాధానము లేదు. అయినను నిర్ణయమునకు ముందు తెలిసికొనదగిన విషయములు కొన్ని గలవు. వానిని సంగ్రహముగా ఇచ్చట తెలుపుచున్నాము.

ఈ రెండు ఊళ్లును ఒకప్పుడు ఒకే జిల్లాలోనివి. 1882లో బళ్లారి జిల్లానుండి అనంతపురము వేరు జిల్లాయైనది. 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్రము అవతరించిన నాడే, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నేడు రెండు చోట్లను విశ్వవిద్యాలయములు గలవు. రెండును శ్రీకృష్ణదేవరాయల పేరు ధరించినవే. అనంతపురమునందలిది 1981లో విశ్వవిద్యాలయమైనది. బళ్లారియందలిది గుల్బర్గా విశ్వవిద్యాలయమునుండి వేరుపడి 2010లో ఏర్పడినది. నడుమ దూరము సుమారు 100 కిలోమీటర్లు మాత్రమే. కాని ప్రవేశనిబంధనలలో ఉన్న దూరము ఇంతకంటె ఎక్కువ.

మొదట చూడవలసినది స్థానికత. రాజ్యాంగమునందలి 371-జె అధికరణమును అనుసరించి 2013లో వెలువడిన ఉత్తర్వు ప్రకారము, కల్యాణ కర్ణాటక ప్రాంతపు విద్యాసంస్థలలో నూటికి 70 స్థానములును, రాష్ట్రమునందలి ఇతర సంస్థలలో నూటికి 8 స్థానములును ఈ ప్రాంతపు స్థానికులకు కేటాయింపబడినవి. బళ్లారి ఈ ప్రాంతములోనిదే. విద్యార్థి మాతృభాష ఏదియని ఈ నిబంధన అడుగదు. కావున తెలుగు బిడ్డకును ఇందు సమానమైన హక్కు గలదు.

ఆంధ్రలో 371-డి అధికరణము క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు నూటికి 85 స్థానములను అచ్చటి స్థానికులకు కేటాయించినది. విద్యార్థి అర్హతాపరీక్షవరకు వరుసగా నాలుగు సంవత్సరములు ఆ ప్రాంతమున చదివి యుండుట సాధారణ నియమము. పదవ తరగతి ఇచ్చట ముగించి, ఇంటర్మీడియెట్ మాత్రము అనంతపురమున చదివినచో రెండు సంవత్సరములే యగును. కొందరు తల్లిదండ్రులు ఆ రెండేండ్లతో పిల్లవాడు అచ్చటి స్థానికుడగునని తలంచుచున్నారు. అది సరికాదు. మిగిలిన 15 స్థానములకును షరతులు గలవు. ఆ యేటి ప్రకటన చదివిన పిదపనే ఆశ పెట్టుకొనవలెను. ఇంజనీరింగు వంటి పోటీ అధికమైన చదువులకు ఈ విషయము మరింత ముఖ్యము.

కర్ణాటకమున వృత్తివిద్యా ప్రవేశమునకు సాధారణముగా ఏడు సంవత్సరముల చదువును, ఎస్.ఎస్.ఎల్.సి. లేక ద్వితీయ పి.యు.సి. ఈ రాష్ట్రమున ఉత్తీర్ణుడగుటయు కావలెను. మన పాఠశాలలో మొదటినుండి చదివిన బిడ్డకు ఈ అర్హత సహజముగనే లభించును.

రెండవది వ్యయము. బళ్లారిలో చదువు విద్యార్థి ఇంటి అన్నము తిని కళాశాలకు పోవచ్చును. అనంతపురమునకు పంపినచో వసతిగృహపు ఖర్చు తప్పదు. పంపదలచినవారు ముందుగా తామే వెళ్లి గదిని, నీటి వసతిని, భోజనమును కన్నులార చూచి రావలెను. రుసుము రశీదు తీసికొనిన పిదప చూచుటవలన ప్రయోజనము లేదు.

మూడవది భాష. ఈ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగము కోరువారికి కన్నడము బాగుగా వచ్చియుండుట అవసరము. దానిని అలక్ష్యము చేయుట బిడ్డకు అన్యాయమే. అట్లని తెలుగును పదవ తరగతితో విడువవలెనని మా భావము కాదు. తెలుగులో ఎం.ఏ. చదువగోరు వారికి అనంతపుర విశ్వవిద్యాలయమున తెలుగుశాఖ గలదు. అట్టివారు అచ్చట చదివి, ఇచ్చటి ఉపాధ్యాయార్హతలు కూడ సంపాదించి తిరిగివచ్చినచో మనవంటి పాఠశాలలు నిలుచును. బోధించువారు లేనినాడు తెలుగు తరగతి ఎట్లు నడచును?

కావున చదువును బట్టి ఊరిని ఎన్నుకొనవలెను గాని, ఊరిని బట్టి చదువును కాదు. పోటీ అధికమైన చదువులకు మన హక్కు గల చోటును, తెలుగు సాహిత్యమునకు అనంతపురమును ముందుగా ఆలోచించుట మంచిదని మా అభిప్రాయము.

ఎటు పంపినను, ప్రతి తరగతికిని చెందిన అధ్యయన ధ్రువపత్రములను, రెవిన్యూ అధికారులిచ్చు 371-జె ధ్రువపత్రమును ఇప్పుడే సిద్ధపరచుకొనుడు. అధ్యయన పత్రములు మా కార్యాలయమున ఏ పనిదినముననైనను పొందవచ్చును. మార్కులున్నను పత్రము లేక స్థానము పోగొట్టుకొను దుస్థితి మన బిడ్డలలో ఎవ్వరికిని కలుగకుండుగాక!