సంఘం లెక్క అందరికీ తెలియాలి

సంఘం అంటే పది పదిహేను మంది ఆడవాళ్ళు. పొదుపు అందరిదీ. బ్యాంకు అప్పు కూడా అందరిదీ. మరి లెక్క ఒక్కరికే తెలిస్తే ఎలా?

1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. 1999లో అది వేరే పథకంలో కలిసిపోయింది. అయినా ఊళ్ళలో ఇప్పటికీ డ్వాక్రా సంఘం అనే అంటారు. సంఘాలకు ఐదు సూత్రాలు ఉన్నాయి. క్రమం తప్పకుండా సమావేశం జరగాలి. పొదుపు చెయ్యాలి. సంఘంలో అప్పులు ఇచ్చుకోవాలి. తీసుకున్నది తిరిగి కట్టాలి. పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయాలి.

పుస్తకం రాస్తే చాలదు. సమావేశంలో పైకి చదవాలి. ఎందుకు?

గోదావరి సంగతే చూడండి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. ఆ అంకె ఆఫీసులోనే ఉండిపోతే లంక ఊళ్ళ వాళ్ళకు ఏం లాభం? అందరికీ తెలిస్తేనే పిల్లాజెల్లా, గొడ్డూగోదా గట్టెక్కుతాయి. సంఘం లెక్క కూడా అంతే.

2022 జూలైలో అక్కడ నీరు 21 అడుగులు దాటింది. కోనసీమలో లంకలు మునిగాయి. అలాంటప్పుడు సంఘం పాత పద్ధతిలోనే నడవలేదు. ఒకరి అరటితోట పోతుంది. ఇంకొకరికి కూలి పని ఉండదు. ఎవరి వాయిదా ఆపాలి? ఎవరికి ముందు అప్పు ఇవ్వాలి? వెంటనే తేల్చుకోవాలి.

పది మంది నెలకు 200 రూపాయల చొప్పున దాచారనుకోండి. ఏడాదికి 24,000 రూపాయలు. అందులో 18,000 అప్పులుగా ఇచ్చారు. ఇక మిగిలింది 6,000. ఈ అంకె అందరికీ తెలిస్తే కూర్చున్న చోటే తీర్మానం అవుతుంది. లీడరు ఒక్కరికే తెలిస్తే, ఆమె వచ్చేదాకా సంఘం ఆగిపోతుంది. ఆమె కూడా వరదలో చిక్కుకుంటే?

వాయిదా కట్టలేకపోతే ఆ సంగతీ దాచకూడదు. మొదటి నెలలోనే చెబితే అందరూ కలిసి దారి చూస్తారు. దాచితే వడ్డీ పెరుగుతుంది. చివరికి బ్యాంకు సంఘం మొత్తాన్ని అడుగుతుంది. చెప్పిన ఆమెను చులకన చెయ్యకూడదు. చేస్తే ఇంకోసారి ఎవరూ నోరు విప్పరు.

లెక్క అడగడం అంటే లీడరును అనుమానించడం కాదు. లెక్క అందరి ముందూ ఉంటే ఆమె మీదా నింద పడదు.

మీ సంఘం పొదుపు ఎంత? అప్పు ఎంత? చేతిలో ఎంత ఉంది? వచ్చే సమావేశంలో పుస్తకం మీరే పైకి చదవండి. ఆ తర్వాతి సారి ఇంకొకరి చేత చదివించండి.