హోర్డింగు మీది ప్యాకేజీ ఎవరిది?

ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన మర్నాటి నుంచే ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. ‘‘సార్, మీ బాబుకి కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)లో సీటుంది, రేపటికల్లా సీట్లు అయిపోతాయి’’ అంటుంది అవతలి గొంతు. మన నంబరు వాళ్లకెలా దొరికిందో మాత్రం చెప్పరు. ఆ హడావుడిలో చాలా ఇళ్లలో కాలేజీ నిర్ణయం వినికిడి మీదే జరిగిపోతుంది. నిజానికి కావాల్సిన వివరాల్లో చాలా భాగం ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంది. పట్టికలు చూస్తే విసుగొస్తుంది, అంతే.

అపోహ: ‘‘ఏడాదికి 44 లక్షల ప్యాకేజీ వచ్చిన కాలేజీ అది.’’

వాస్తవం: వచ్చింది కాలేజీకి కాదు, ఒక విద్యార్థికి. ఐదుగురిలో నలుగురికి మూడున్నర లక్షల చొప్పున, ఒకరికి 44 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 11.6 లక్షలు అవుతుంది. ఆ సగటు జీతం ఐదుగురిలో ఎవరికీ రాలేదు! అందుకే అడగాల్సింది మీడియన్, అంటే జీతాలను వరసలో పెడితే సరిగ్గా నడిమధ్య నిలిచేది. ఇక్కడ అది మూడున్నర లక్షలే. ‘1,200 ఆఫర్లు’ అన్న ప్రకటనకూ ఇదే జాగ్రత్త కావాలి. ఒకే అమ్మాయికి మూడు కంపెనీలు ఆఫరిస్తే మూడుగా లెక్కేసే కాలేజీలున్నాయి. ప్యాకేజీలో జాయినింగ్ బోనస్సు, షేర్లు కూడా కలిపి ఉండొచ్చు.

మరి అసలు లెక్క ఎక్కడుంది? కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో పాల్గొన్న ప్రతి కాలేజీ తన వివరాలను దానికి సమర్పించాలి. ఎందరు చేరారు, ఎందరు నాలుగేళ్లలోనే పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతమెంత, పైచదువులకు ఎందరు వెళ్లారు అన్నవన్నీ అందులో ఏడాదివారీగా ఉంటాయి. ఇవి కాలేజీ స్వయంగా ఇచ్చిన అంకెలే, పైగా బ్రాంచీలవారీగా ఉండవు. అయినా చేరినవాళ్ల సంఖ్య పక్కన ఉద్యోగం వచ్చినవాళ్ల సంఖ్య పెట్టి చూస్తే హోర్డింగులో సగం రంగు వెలిసిపోతుంది.

అపోహ: ‘‘ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు బాగుంటే పాఠాలూ బాగుంటాయి.’’

వాస్తవం: ఆ మార్కుల్లో 30 శాతం పరిశోధనకు, 10 శాతం ఆ సంస్థకున్న పేరుకు. బోధన, వనరులు కలిపి 30 శాతం. పరిశోధన పత్రాలు ఎక్కువున్న చోట బీటెక్ మొదటి ఏడాది పాఠాలు బాగుంటాయన్న హామీ ఏమీ లేదు. ఆ ర్యాంకు ఇంజినీరింగ్ విభాగంలోనిదా, యూనివర్సిటీల విభాగంలోనిదా, ఏ సంవత్సరానిది అన్నదీ చూడండి. బ్రోషర్లలో పాత ర్యాంకులు చాలా కాలం బతికే ఉంటాయి.

అపోహ: ‘‘నాక్ ఎ ప్లస్ ప్లస్ ఉందిగా, ఏ బ్రాంచైనా పర్లేదు.’’

వాస్తవం: విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ ఇచ్చిన గ్రేడు సంస్థ మొత్తానికి వర్తిస్తుంది. బ్రాంచిని విడిగా పరిశీలించేది ఎన్‌బీఏ అనే మరో సంస్థ, అదీ మూడేళ్లకో ఆరేళ్లకో. ఒకే కాలేజీలో ఈసీఈకి ఎన్‌బీఏ ఉండి పక్క బ్రాంచికి లేకపోవచ్చు. రెండు బ్యాచులు బయటికి వెళ్తే గానీ బ్రాంచికి ఎన్‌బీఏ అర్హత రాదు కాబట్టి, ఈమధ్యే పెట్టిన డేటా సైన్స్, ఏఐ బ్రాంచీలకు అది లేకపోవడం తప్పేమీ కాదు. అయితే అలాంటి బ్రాంచికి పాఠాలు ఎవరు చెబుతున్నారో తప్పక అడగాలి.

అటానమస్ గురించీ ఒక మాట. అటానమస్ కాలేజీ సిలబస్, పరీక్షలు తనే చూసుకుంటుంది, పట్టా మాత్రం జేఎన్‌టీయూ లాంటి అనుబంధ విశ్వవిద్యాలయానిదే. అటానమస్, డీమ్డ్ యూనివర్సిటీ ఒకటి కావు.

అపోహ: ‘‘సీఎస్‌ఈ అయితే చాలు, కాలేజీ ఏదైనా ఒకటే.’’

వాస్తవం: ఒకటి కాదు. పనితీరు బాగున్న కాలేజీలకు బ్రాంచిలో సీట్ల పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. 60 సీట్ల బ్రాంచిలో నాలుగేళ్లకు 240 మంది. ఇరవై మందికి ఒక అధ్యాపకుడన్న లెక్కన 12 మంది కావాలి. అదే 600 సీట్లయితే 120 మంది. కాలేజీ వెబ్‌సైట్లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ అనే పత్రం ఉంటుంది. అందులో అధ్యాపకుల పేర్లు లెక్కపెట్టుకోండి. తర్వాత క్యాంటీన్‌లో ఓ మూడో సంవత్సరం విద్యార్థిని పట్టుకుని ఆ పేర్లలో ఎందరు క్లాసుకొస్తారో అడగండి.

అపోహ: ‘‘మన ర్యాంకుకు రాని కాలేజీ పైన పెడితే ఆప్షన్ వృథా, కిందిది కూడా పోతుంది.’’

వాస్తవం: కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు (కోరుకునే కాలేజీలు, బ్రాంచీల జాబితా) పెట్టే దగ్గర అన్నిటికంటే నష్టం చేసే నమ్మకం ఇదే. ఇంటర్నెట్ సెంటర్లో ఆప్షన్లు పెట్టేవాళ్లు కూడా ధీమాగా చెబుతుంటారు. సీట్ల కేటాయింపు ర్యాంకు వరసలో సాగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి చదివి, మీకు అర్హత ఉన్నవాటిలో ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇస్తుంది. పై పది దొరక్కపోతే పదకొండోది చూస్తుంది. ఆ పదకొండో సీటుపై మీ హక్కు ఒక్క పిసరు కూడా తగ్గదు. మిమ్మల్ని దాటి వెనక ర్యాంకు వాళ్లు దాన్ని తీసుకోలేరు. కాబట్టి జాబితా మీ ఇష్టం వరసలోనే ఉండాలి, వస్తుందనుకున్న వరసలో కాదు. అసలు ప్రమాదం కింద ఉంటుంది. తక్కువ ఆప్షన్లు పెట్టి ఏ సీటూ రాకుండా మిగిలిపోయేవాళ్లు ఏటా ఉంటారు. ఎంత కిందికి వెళ్లాలో తెలియడానికే నిరుటి చివరి ర్యాంకుల పట్టిక. అందులో ఓసీ గడి చూసి బీసీ విద్యార్థి, అబ్బాయిల గడి చూసి అమ్మాయి నిరాశపడొద్దు. ఎవరి గడి వారిది. కాలేజీ కోడ్ కూడా సరిచూసుకోండి, ఒకేలాంటి పేర్లు చాలా ఉన్నాయి.

కౌన్సెలింగ్ రెండో విడతలో మాత్రం లెక్క మారుతుంది. చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మేలనుకున్నవే పెట్టాలి. కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయి వెనక ర్యాంకు వాళ్లకు వెళ్లిపోతుంది. మళ్లీ అడిగినా ఇవ్వరు.