ఆ పట్టు మీదా? గరుకుదా?

గతేడాది ఆన్‌లైన్‌లో ఒక పించ్ బ్లాక్ కొన్నా. ఇసుక అద్దినట్టు గరగరలాడే రెజిన్ దిమ్మ. కింద గొలుసు, దానికి ప్లేట్లు. బొటనవేలు ఒకవైపు, మిగతా నాలుగు వేళ్లు రెండోవైపు పెట్టి, చిటికె పట్టుతో పైకి లేపాలి. మొదటిరోజు 14 కిలోలు లేపా. ఆరు వారాలకి 22. ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసుకుని మరీ మురిసిపోయా. ఆ ఊపులో ఒక క్లైంబింగ్ జిమ్‌కి వెళ్తే అక్కడ నున్నటి చెక్క బ్లాక్ చేతికిచ్చారు. మందం దాదాపు అంతే. 12 కిలోలకే జర్రున జారిపోయింది.

పరువు పోయింది సరే. అసలు నా 22 కిలోల్లో నా బలమెంత, ఆ గరుకు పుణ్యమెంత?

ఇంజినీరింగ్ చదివిన పాపానికి కాగితం తీశా. బరువుని కిందికి జారకుండా ఆపేది ఘర్షణ ఒక్కటే. బార్ పట్టుకున్నప్పుడు వేళ్లు కింది నుంచి చుట్టుకుని ఆసరా ఇస్తాయి. పించ్‌లో ఆ ఆసరా ఉండదు. రెండు పక్కల నుంచి నొక్కాలి, అంతే. నొక్కాల్సిన బలం ఎంతంటే, బరువుని ఘర్షణ గుణకానికి రెండింతలతో భాగిస్తే వచ్చేంత. ఉదాహరణకి గుణకం 0.8 ఉన్న గరుకు ఉపరితలంపై 20 కిలోలు ఆపడానికి ఒక్కో వైపు 12.5 కిలోల నొక్కుడు చాలు. గుణకం 0.4 అయితే అదే బరువుకి 25 కావాలి. ప్లేట్లు మారలేదు, చేతిమీద భారం మాత్రం రెట్టింపైంది. (మన చర్మం ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోని చెక్కదిమ్మ కాదనుకోండి. మెత్తగా నొక్కుకుపోతుంది, నొక్కేకొద్దీ గుణకం కూడా కాస్త మారుతుంది. అయినా అంచనాకి ఈ లెక్క సరిపోతుంది.)

అందుకే ‘నువ్వెన్ని కిలోలు?’ అన్న ప్రశ్నకి ముందు ‘దేనిమీద?’ అని అడగాలి. నేను మొదటిరోజు చెక్కమీద కూడా ఒకసారి లేపి రాసుకుని ఉంటే, పెరిగిన 8 కిలోల్లో కండ ఎంతో, కాయకాచిన చర్మం ఎంతో కొంతైనా తేలేది. ఇప్పుడు తేల్చే దారి లేదు.

గరుకుతో ఇంకో ఇబ్బంది. బొటనవేలి కండ అలిసేలోపే చర్మం లేచిపోతుంది. నాలుగో సెట్‌కి వేలికొస ఎర్రబడి మండుతుంటే ఆపేస్తాం. అంటే వ్యాయామం ఎప్పుడు ఆగాలో తేల్చేది కండ కాదు, తోలు. అది మానేదాకా మళ్లీ ముట్టుకోలేం.

‘అయితే నున్నటిదే మేలు’ అని నేను రెండో తప్పు చేశా. అద్దంలా పాలిష్ చేసిన స్టీల్ ముక్క సంపాదించా. ఫ్యాన్ కింద ఒక అంకె, కరెంటు పోతే ఇంకో అంకె! జారుతుందేమోనన్న భయంతో ప్రతిసారీ ఉన్న బలమంతా పెట్టి నొక్కా. మూడో వారానికి బొటనవేలి మొదట్లో నొప్పి. రెండు వారాలు కీబోర్డ్ మీద స్పేస్‌బార్‌ని చూపుడువేలితో కొట్టా. కోడ్ రాసి బతికేవాడికి బొటనవేలు ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసొచ్చింది.

ఇప్పుడు వాడుతున్నది మామూలు చెక్క. కాలనీలో వడ్రంగి మేస్త్రికి చెప్పి చేయించుకున్నా. మందం 60 మిల్లీమీటర్లు, పొడవు నాలుగు వేళ్లు ఇరుకు లేకుండా పట్టేంత. అంచులు గుండ్రంగా తీయించి, 120 నంబర్ శాండ్‌పేపర్‌తో రుద్దించా. మేస్త్రి అలవాటుగా వార్నిష్ డబ్బా తీశాడు. ‘వద్దన్నా, వట్టి చెక్కే కావాలి’ అంటే విచిత్రంగా చూశాడు. వార్నిష్ వేస్తే మళ్లీ అద్దమే అవుతుంది, చెమట పీల్చే గుణం పోతుంది. ఒక్క జాగ్రత్త: గొలుసు తగిలించే కొక్కేన్ని స్క్రూలా చెక్కలోకి తిప్పి వదిలేయొద్దు. బోల్టు ఆరపార వెళ్లి, పైన వాషర్, నట్టు పడాలి. ఊడితే ప్లేట్లు పడేది మన కాళ్లమీదే.

చెమట సంగతి ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలిలో వేళ్లు మరీ ఎండిపోయి నున్నటి వాటిమీద జారతాయి. కొద్దిపాటి తేమ ఉంటే చర్మం బాగా అతుక్కుంటుంది. విశాఖ ఉక్కపోతలో తడి ఎక్కువై మళ్లీ జారుడు. అక్కడ చాక్ పౌడర్ కావాలి. ఇది బ్లాక్‌బోర్డ్ సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్. దీనిమీద పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనం చాక్ వల్ల ఘర్షణ తగ్గిందంది, 2012లో వచ్చింది పెరిగిందంది. నా పద్ధతి ఏంటంటే, పల్చగా రాసుకుని, చేతులు దులుపుకుని, చెక్కమీద పేరుకున్న పొడిని పాత టూత్‌బ్రష్‌తో తుడిచేస్తా. పొడి పొరలా మిగిలితే అదే జారుడుబల్ల.

అందరికీ చెక్కేనా అంటే, కాదు. గ్రిప్ పోటీల మీద మనసున్నవాళ్లు పోటీలో ఏది లేపాలో దానిమీదే ఎక్కువ సాధన చేయాలి. రెండు 45 పౌండ్ల ఇనప ప్లేట్లని నున్నటి ముఖాలు బయటికి పెట్టి ఒంటిచేత్తో పించ్ చేయడం వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న కొలమానం. ‘బ్లాబ్’ అని ఇంకోటుంది. పాత యార్క్ 100 పౌండ్ల డంబెల్‌ని కోస్తే వచ్చే సగం ముక్క. వీటికి పెయింట్ పొర ఉందా, ఊడిందా అన్నది కూడా లెక్కే. మన జిమ్‌లలో కనిపించే రబ్బరు తొడుగు ప్లేట్లతో మాత్రం పోల్చుకోకండి, రబ్బరు అతుక్కుంటుంది.

ఇక రాళ్లెక్కేవాళ్లు. మలావత్ పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు శిక్షణ మొదలుపెట్టిన భువనగిరి కొండ గ్రానైటే. గరుకు రాయి. ‘అయితే గరుకు బ్లాకే కొనాలిగా?’ అని అడుగుతారు. నా మాటైతే, చర్మాన్ని రాయిమీదే గట్టిపడనివ్వండి, వారం మధ్యలో ఇంట్లో కండని చెక్కమీద పెంచండి. వారాంతానికి వేలికొసలు చీరుకుపోకుండా మిగలాలి కదా! పైగా ఇండోర్ గోడలమీద ఇప్పుడు సగం గరుకు, సగం నునుపు ఉండే హోల్డ్స్ కూడా వస్తున్నాయి. గరుక్కి మాత్రమే అలవాటుపడ్డ చెయ్యి ఆ నున్నటి సగం దగ్గర తెల్లమొహం వేస్తుంది.

నా ఎక్సెల్ షీట్‌లో ఇప్పుడు మూడు కాలమ్స్ పెరిగాయి: ఉపరితలం, మందం, చాక్ రాశానా లేదా. మొన్న ఆదివారం ఎంట్రీ: వట్టి చెక్క, 60 మిల్లీమీటర్లు, చాక్ లేదు, 16.5 కిలోలు.