ఒత్తిడి లేని అచ్చు – అతుకు లేని తొట్టి

మన ఊళ్లలో ఏ మేడమీదికి దృష్టి సారించినా ఒక నల్లని నీటి తొట్టి కనిపిస్తుంది. దానిని ‘సింటెక్స్’ అని పిలవడం మనకు ఎంతగా అలవాటయిందంటే, అది ఒక వ్యాపార నామమన్న సంగతే చాలామందికి స్ఫురించదు. అటువంటి తొట్లే కర్మాగారాలలోని నీటిశుద్ధి విభాగాలలో రసాయనాలను నిలువ ఉంచుతున్నాయి. రూపంలో రెండూ ఒక్కటే అయినా, వాటిపై పడే భారం మాత్రం ఒక్కటి కాదు. ఈ భేదం బోధపడాలంటే ఆ తొట్టి పుట్టుక ఎటువంటిదో తెలియాలి. రొటేషనల్ మౌల్డింగ్ అనే ఆ విధానాన్ని పాఠకులకు పరిచయం చేయడమే మా ఉద్దేశం.

ఫిరంగి గుండ్ల నుండి నీటి తొట్ల దాకా

ఒక అచ్చును రెండు దిశలలో తిప్పుతూ వేడిచేసి బోలు వస్తువును తయారుచేయడం ప్లాస్టిక్కులకన్నా పాత విద్య. 1855లో బ్రిటన్‌లో ఆర్. పీటర్స్ పొందిన పేటెంటు లోహపు ఫిరంగి గుండ్లకు సంబంధించినది. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో ఇదే పద్ధతిలో లోపల బోలుగా ఉండే చాక్లెట్ గుడ్లు చేశారు. 1933లో బ్రిటన్‌లోని ఐ.సి.ఐ. సంస్థలో ఫాసెట్, గిబ్సన్ అనే శాస్త్రజ్ఞులు పాలిథీన్‌ను కనుగొన్నారు. 1950ల దశకంలో దానిని మెత్తని పొడిగా లభింపజేయడంతో ఈ విద్యకు తగిన ముడిపదార్థం దొరికినట్లయింది. మనదేశంలో 1975లో గుజరాత్‌లోని కలోల్‌లో ఒక బట్టల మిల్లు సంస్థ ఈ తొట్ల తయారీని చేపట్టింది. పొడిని వేడితో కరిగించి అతికించే ప్రక్రియ పేరైన ‘సింటరింగ్’, తమ వృత్తి అయిన ‘టెక్స్‌టైల్’, ఈ రెండు మాటల కలయికయే ‘సింటెక్స్’.

తయారీ విధానం

ఇందులో నాలుగు దశలున్నాయి. మొదట, కావలసినంత పాలిథీన్ పొడిని తూకం వేసి, ఉక్కు రేకుతోగాని అల్యూమినియంతోగాని చేసిన అచ్చులో పోసి మూస్తారు. తొట్టి గోడ మందం ప్రధానంగా ఈ తూకంపైనే ఆధారపడుతుంది. రెండవ దశలో అచ్చును కొలిమిలోనికి పంపి, పరస్పరం లంబంగా ఉన్న రెండు అక్షాలమీద నెమ్మదిగా తిప్పుతారు. మూడవ దశలో, తిప్పడం ఆపకుండానే, గాలితోను నీటి తుంపరలతోను చల్లబరుస్తారు. చల్లారిన ప్లాస్టిక్ కొంత ముడుచుకొని అచ్చు గోడను వదులుతుంది. నాలుగవ దశలో తొట్టిని వెలికితీస్తారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. వడిసెలలోని రాయి వేగానికి బయటికి దూసుకుపోయినట్లు, పొడి కూడా వేగం వల్లనే గోడలకు అంటుకుంటుందని పలువురు భావిస్తారు. నిజానికి అచ్చు తిరిగేది నిమిషానికి కొద్ది చుట్లు మాత్రమే. పొడి తన బరువుతో ఎప్పుడూ అడుగు భాగంలోనే ఉంటుంది. వేడెక్కిన అచ్చు గోడలే ఒక్కొక్కటిగా ఆ పొడి మీదుగా సాగిపోతూ పొరపొరగా దానిని అంటించుకుంటాయి.

లాభాలు, పరిమితులు

బయటినుండి ఒత్తిడి ప్రయోగించరు గనుక భారీ ఉక్కు అచ్చులు అక్కరలేదు. వేల లీటర్ల తొట్టినైనా అతుకు లేకుండా ఒకే ముక్కగా పోయవచ్చు. ఇతర పద్ధతులలో పలుచబడే బయటి మూలలు ఇందులో మందంగా వస్తాయి. అందువల్లనే ట్రాక్టర్ల ఇంధన తొట్లు, రహదారులపై నీటితో నింపి నిలిపే అడ్డుగోడలు, చేపలకు వాడే ఐసు పెట్టెలు, సముద్రంపై తేలే బోయాలు, పిల్లల పార్కులలోని జారుడు బల్లలు ఈ విధంగా తయారవుతున్నాయి. రసాయనాలు ప్రవహించే ఉక్కు గొట్టాల లోపల ప్లాస్టిక్ పూతను కూడా ఇలాగే వేస్తారు. అయితే ఇది నిదానమైన విధానం. లక్షల సంఖ్యలో మగ్గులు, బకెట్లు చేయడానికి ఇది తగదు.

కంటికి కనిపించని లోపం

వేడి చాలకపోతే పొడి కణాల మధ్య గాలిబుడగలు మిగిలిపోయి, దెబ్బ తగిలినప్పుడు గోడ పగులుతుంది. వేడి మితిమీరితే లోపలి పొర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్షీణించి పెళుసుబారుతుంది. ఈ రెండు స్థితులలోను తొట్టి బయటికి నున్నగానే కనిపించవచ్చు. కావున మంచి తయారీదారులు కొలిమి వేడితో తృప్తిపడక, అచ్చు లోపలి గాలి వేడిని కూడా కొలుస్తారు. నీటి తొట్ల కోసం భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 12701ను వెలువరించింది. కొనేటప్పుడు ఆ ముద్ర కోసం చూడడం కొనుగోలు విభాగానికే గాక గృహస్థులకు కూడా అవసరం.

ఏది పోస్తున్నాం?

మా ముఖ్య విన్నపం ఇక్కడే ఉంది. నీటికోసం చేసిన తొట్టిలో కనబడిన ద్రవమల్లా పోయరాదు. రెండు మీటర్ల ఎత్తు నీరు అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 200 గ్రాముల ఒత్తిడి కలిగిస్తుంది. అంతే ఎత్తున 50 శాతం గాఢతగల కాస్టిక్ ద్రావణం నింపితే ఆ ఒత్తిడి 300 గ్రాములకు చేరుతుంది, ఎందుకంటే అది నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువైనది. పాలిథీన్‌కు కాస్టిక్ పడదని కాదు. ఆ బరువుకు తగిన మందం ఉండాలి. గాఢ నత్రికామ్లమైతే పాలిథీన్‌నే తినివేస్తుంది. టొలీన్ వంటి ద్రావకాలు దానిని ఉబ్బజేస్తాయి. పెట్రోలు, థిన్నర్లు మరింత ప్రమాదకరం. ప్లాస్టిక్ విద్యుద్వాహకం కాదు గనుక దానిపై స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, అనర్థం జరగడానికి. వేడి ద్రవాలు పోస్తే గోడ బలం తగ్గి క్రమంగా సాగిపోతుంది.

పాత నీటి తొట్టి ఖాళీగా ఉన్నదని మరో విభాగానికి తరలించి ఆమ్లం నింపడం పొదుపు కాదు. నింపేముందు ద్రవం పేరు, గాఢత, సాంద్రత, ఉష్ణోగ్రత, ఈ నాలుగింటిని తయారీదారునికి తెలిపి, అతని లిఖితపూర్వక అంగీకారం పొందాలి.

ఇంటి విషయంలో కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. తొట్టి అడుగు మొత్తం చదునైన దిమ్మెపై ఆనాలి. నాలుగు ఇటుకలపై నిలిపితే మధ్యభాగం కుంగి పగులుతుంది. గొట్టాల బరువు తొట్టికి వేలాడరాదు. మూత బిగువుగా ఉండాలి. డెంగీని వ్యాపింపజేసే దోమ నిలువ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. నల్లరంగునిచ్చే కార్బన్ పొడి ఎండనుండి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది, వెలుతురును అడ్డగించి లోపల నాచు పెరగనీయదు. కాని తెరిచి ఉంచిన మూతకు అది విరుగుడు కాజాలదు.

ఒత్తిడి లేకుండా పుట్టిన ఈ తొట్టి మన చేతికి వచ్చిన తరువాతనే ఒత్తిడిని ఎదుర్కొంటుంది. దానిలో ఏది, ఎంత, ఎంత వేడిమీద పోస్తున్నామో నిర్ణయించేది మనమే. ఆ నిర్ణయం సరిగా ఉన్నంతకాలం ఆ తొట్టి మనకు నమ్మకమైన సేవకురాలు.